అన్న వాకిట్లో వేసిన గుడారం

ఏప్రిల్ 11

పగులు: రెండు సెంటీమీటర్లు.

"డెబ్బై మూడేళ్ల వయసులో డైరీ ఏమిటి, ఎవరు చదవాలని?" అని బూబుకన్ నవ్వింది. ఎవరూ చదవకూడదనే రాస్తున్నానన్నాను. తిట్టాలనుకున్నవాళ్లను తీరిగ్గా తిట్టుకోవడానికి. "నోటితో తిట్టేది చాలడం లేదా?" అంది. యాభై ఏళ్ల కాపురంలో ఆఖరి మాట ఎప్పుడూ ఆవిడదే.

నలభై ఏళ్లు కొండల కదలిక కొలిచే ఉద్యోగం చేశాను. ఆ శాఖ ఇప్పుడు లేదు. శాఖను పెట్టిన దేశమూ లేదు. సరీజార్ కొండ నెత్తిమీద పగులు మాత్రం ఉంది. దానికి అటూ ఇటూ నేను దిగ్గొట్టిన ఇనప మేకులున్నాయి. రోజూ పొద్దున్నే గుర్రమెక్కి వెళ్లి, రాత్రికి రాత్రి ఆ మేకులు ఎంత దూరం జరిగాయో కొలుస్తాను. గ్రామ కార్యాలయం ఫోన్లో జిల్లాకు చెబుతాను. అవతల ఒక అమ్మాయి ఉంటుంది.

"రాసుకున్నాను తాతా."

"ఎక్కడ రాసుకున్నావమ్మా?"

"కాగితం మీదే తాతా, ఇంకెక్కడ రాస్తాం?"

ఆ కాగితం ఏమవుతుందో ఆ పిల్లకూ తెలియదు.

జనవరిలో జిల్లా నుంచి విపత్తు ప్రణాళిక వచ్చింది. పద్నాలుగు పేజీలు. నేను చాలా పుస్తకాలు చదివాను, ఇంత నిబ్బరంగా అబద్ధమాడిన రచన చూడలేదు. సైరన్ మోగుతుందట. సైరన్ బడి కప్పు మీదే ఉంది, దానికి తీగ లేదు. లారీ వస్తుందట. లారీ ఉంది, దాని డీజిలు జిల్లా సంతకం చేస్తేగాని రాదు. జనం పన్నెండు కిలోమీటర్ల దిగువన కొత్త కాలనీకి తరలిపోతారట. కిందటి శరత్కాలంలో నిజంగానే తరలించారు. అక్కడ కుళాయిలున్నాయి, నీళ్లు లేవు. గొర్రెలు ఈనే వేళకు మందలతో సహా అందరూ తిరిగి కొండ కిందికే వచ్చేశారు.

అప్పుడు ప్రణాళికలో చివరి అంశం అమలు చేశారు. అదొక్కటే అమలైంది. సంతకాలు. "ప్రమాదం గురించి మాకు తెలియజేశారు. మా ఇష్టంతోనే ఉంటున్నాం." ఇంటి మగవాడు సంతకం పెట్టాలి. ఒక్క సంతకం కింద ఆరుగురు, తొమ్మండుగురు.

ఆ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది గ్రామాధ్యక్షుడు తోప్చుబెక్. నేను పక్కన నడిచాను, అంతే. జనానికి చదివి అర్థం చెప్పేవాడు ఒకడు ఉండాలి కదా.

తోప్చుబెక్ దోరోన్‌బెక్ కొడుకు. 1978లో ఆ కొండ కింద ఇళ్లు కట్టొద్దని నేను రిపోర్టు రాశాను. దోరోన్‌బెక్ అప్పుడు సామూహిక వ్యవసాయ క్షేత్రానికి ఛైర్మన్. నిండు సభలో దాన్ని నిలువునా చింపి, "కొండ మీ అత్తగారా ఒమూర్జాక్, అంత భయపడుతున్నావు?" అన్నాడు. సభంతా నవ్వింది. ముప్పై ఇళ్లు కట్టించాడు. పన్నెండోది మా అన్న కదిర్‌కుల్‌ది. దోరోన్‌బెక్ హాయిగా పరుపు మీద చచ్చాడు. కొడుకు మిగిలాడు.


ఏప్రిల్ 13

పగులు: మూడు.

వాన. అన్నకు ఊపిరి అందడం లేదు. కాలనీకి పోదాం రమ్మంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.


ఏప్రిల్ 14

పగులు: మూడున్నర.

తెల్లవారుతుండగా అన్న పోయాడు.

గుడారం ఎక్కడ వేయాలన్న మాట వచ్చింది. మా వాళ్లలో చచ్చినవాడికి సొంత వాకిట్లో ఉన్ని గుడారం వేస్తారు. రెండు రోజులు శవం దాన్లో ఉంటుంది. ఆడవాళ్లు లోపల కూర్చుని శోకాలు పాడతారు, మగవాళ్లు బయట కర్రల మీద ఆని ఏడుస్తారు. పరాయి వాకిట్లో గుడారం వేయించుకున్నవాణ్ణి దిక్కులేని చావు చచ్చాడంటారు. వాడి మనవల దాకా ఆ మాట పోదు.

అన్న కొడుకు తలాయ్ నా మోకాళ్ల దగ్గర కూర్చున్నాడు. "బాబాయ్, పైన పగులు సంగతి నీకే తెలుసు. వాకిట్లో వేయొచ్చా? వద్దంటే కాలనీకే తీసుకుపోతాను. ఊరు ఏమన్నా అననీ."

పెద్దలందరూ నావైపు చూశారు. వాళ్ల చూపు ఏం అడుగుతోందో తెలుసు. తమ్ముడు అన్నను లారీలో వేసి నీళ్లులేని బయలుకు తోలుతాడా అని.

"మూడున్నర పెద్ద లెక్క కాదు," అన్నాను. "మూడు రోజులు ఆగుతుంది. వేయండి."

సరైన మాటే. ఆ రోజుకి సరైన మాట.


ఏప్రిల్ 15

పగులు: నాలుగు.

మూడు లోయల నుంచి బంధువులొచ్చారు. చావు భోజనానికి ఆడగుర్రాన్ని కోశారు. కాళ్లు కట్టి పడేసినా ఒక కట్టు తెంపుకుని ఒకడి పళ్లు రాలగొట్టింది. నలుగురు మెడమీద కూర్చుంటేగాని కత్తి దిగలేదు. వాకిలంతా నెత్తురు, దానిమీద వాన. తలాయ్ భార్య బర్మెట్ బూడిద చల్లుతూనే ఉంది, నెత్తురు కిందికి పారుతూనే ఉంది.


ఏప్రిల్ 16

పగులు:


ఏప్రిల్ 18

రాయాలి.

పదహారో తారీకు పదకొండింటికి శవాన్ని ఎత్తాం. గోరీలు ఏటికి అవతల, ఎదుటి దిబ్బ మీద ఉన్నాయి. మా ఆడవాళ్లు గోరీలకు రారు. మగవాళ్లందరం, నూటముప్పై మందిమి, భుజాలు మార్చుకుంటూ అన్నను మోసుకెళ్లాం. గుడారంలో వదిన, బర్మెట్, బంధువుల ఆడవాళ్లు. బయట కాగుల దగ్గర వండేవాళ్లు. అందరూ కలిసి ముప్పై నలుగురు ఆడవాళ్లు, ఐదుగురు పిల్లలు.

అన్నను గోతిలో దించాం. తలా మూడు పారల మట్టి వేస్తున్నారు. నేను నా మూడు వేసి పార పక్కవాడికిచ్చి కొండవైపు తిరిగాను.

మొదట ఆపిల్ చెట్లు నడిచాయి. పడలేదు. నిలబడినవి నిలబడినట్టే, మంద దిగినట్టు, వరస చెదరకుండా కిందికి వచ్చాయి. ఆ తర్వాతే మోత. కొండ పొట్ట చీలి లోపలి పసుపు మట్టి బయటపడింది. ఇళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి. గుడారం తెల్లగా కనిపిస్తూనే ఉంది. వరదలో టోపీలా కొంచెం దూరం తేలింది. ఒక పక్కకు వాలింది. ముడుచుకుపోయింది.

నలభై సెకన్లు. కొలిచే అలవాటు చావలేదు.

నూటముప్పై మందీ ఒక్కసారిగా దిబ్బ దిగి పరిగెత్తారు. ఎవడో ఎవడి మీదో పడ్డాడు, తొక్కుకుంటూ పోయారు. ముందు దూకినవాడు నడుము దాకా బురదలో దిగిపోయాడు. బెల్టులు ముడేసి లాగితే తుంటి కీలు ఊడింది. వాడి అరుపు కొండ మోత కన్నా ఎక్కువసేపు ఉంది. పారలన్నీ గోరీ దగ్గరే మరిచిపోయారు. చేతులతో తవ్వారు. గోళ్లు లేచిపోయాక టోపీలతో తోడారు. అన్న గోతిలో సగం మట్టితో ఉండిపోయాడు. ఈ రోజు పొద్దున దాకా అతన్ని ఎవరూ పూడ్చలేదు.

బూబుకన్ గుడారంలో ఉంది. ఈ వాక్యం రాశాను. మళ్లీ రాయను.


ఏప్రిల్ 19

ప్రణాళిక వచ్చింది. బుల్డోజర్ ఒకటి, లారీలు రెండు, వేడి అన్నం, సీసాల్లో నీళ్లు, రాజధాని నుంచి కెమెరా ఒకటి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని వింటాం. ఈ కుక్కలు మొరగడానికీ సంతకం కావాలి.

జిల్లా ఉపాధికారి కారు దిగి, బూట్లకు అంటిన బురద చూసుకుని, "సైరన్ మోగిందా?" అని అడిగాడు.

తలాయ్ అప్పటికి మూడు రోజులుగా తవ్వుతున్నాడు. వాడి ముఖంలో కళ్లు తప్ప అంతా పసుపు మట్టి. "మోగింది సార్. ముప్పై నాలుగు మంది ఆడవాళ్లు ఒకేసారి అరిస్తే ఎంత మోగుతుందో అంత మోగింది."

"అది కాదయ్యా, ప్రణాళికలో ఉంది కదా..."

"ప్రణాళిక తీసుకురండి సార్. దాంతో తవ్వుకుంటాం, పార కన్నా మందంగా ఉంటుంది."

మధ్యాహ్నం బుల్డోజర్ పలక ఒక ఉన్ని ముక్కను పైకి లేపింది. డ్రైవరు చూడలేదు. ముందుకు తోలాడు. ముక్కతో పాటు ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకా. వెండి కడియం తలాయ్ గుర్తుపట్టాడు. డ్రైవరును కాళ్లు పట్టి కిందికి లాగి, బండిలోని ఇనప కడ్డీతోనే కొట్టాడు. డ్రైవరు ఓష్ నగరం నుంచి వచ్చిన ఉజ్బెక్ కుర్రాడు, నిన్నటి నుంచీ నిద్రలేదు. ముగ్గురు పట్టుకుంటే కూడా తలాయ్ ఆగలేదు. కుర్రాడు నోట్లో నెత్తురు ఉమ్మి, మళ్లీ బండెక్కి, ఏడుస్తూ మెల్లగా తవ్వాడు. తలాయ్ ఆ చేతిని తన కోటులో చుట్టుకుని మిగతా మనిషి కోసం పక్కనే నిలబడ్డాడు. చీకటి పడేలోగా బర్మెట్ మిగతా శరీరమూ దొరికింది. ముఖం లేదు.

రాజుల చరిత్రల్లో నగరాలు కూలిన పేజీలు చదివేటప్పుడు ఎన్నోసార్లు పుస్తకం మూసి టీ తాగాను. ఎలా తాగానో.


ఏప్రిల్ 20

బడి ముందు సభ. ఉపాధికారి లేచి విచారం ప్రకటించాడు. తర్వాత సంచీలోంచి కాగితాల కట్ట తీశాడు.

"ప్రభుత్వం తన బాధ్యత నెరవేర్చింది. మీకు ముందే తెలియజేసింది. ఇవిగో మీ సంతకాలు." పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క మగవాడు తలెత్తాడు. వాళ్లు తమ పేరు మాత్రమే రాశారు. ఆ పేరు కింద చచ్చినవాళ్లెవరూ ఏమీ రాయలేదు.

నాలుగో పేరు దగ్గర రాయి వచ్చింది. ఐదో పేరు చదవలేదు. కారును తిరగేసి తగలబెట్టారు. పోలీసులు గాల్లోకి కాల్చారు. ఉపాధికారి బడి వెనక కిటికీలోంచి దూకి పారిపోయాడు. జనం చేతికి తోప్చుబెక్ చిక్కాడు.

సంతకాలు తీసుకున్నవాడు వాడే కదా. లారీ తాళాలున్నది వాడి దగ్గరే కదా. ఇరవై మంది మీద పడ్డారు. పక్కటెముకలు విరగడం వినిపించింది, ఎండు పుల్ల విరిగినట్టు. చెవి సగం తెగింది. పోలీసులు లాక్కుపోయి బడి గదిలో పెట్టి తాళం వేశారు.

లాక్కుపోతున్నప్పుడు నావైపు చూశాడు.

నేను సంతోషించాను. ఎవరూ చదవని కాగితం మీదయినా నిజం రాయాలి కదా. దోరోన్‌బెక్ చెవి తెగినట్టే అనిపించింది.


ఏప్రిల్ 21

తవ్వడం ఆపేశారు. డీజిలు మూడు రోజులకే ఆమోదమైందట. పందొమ్మిది మంది దొరికారు. ఇరవై మంది లోపలే ఉన్నారు. ఆ స్థలమంతా ఒక్క సమాధి అని ప్రకటించారు. ముల్లా వచ్చి నమాజు చదివాడు.

ఆవిడ ఆ ఇరవైలో ఉంది.

తోప్చుబెక్ పోలీసులతో ఏదో చెబుతున్నాడట. పదహారో తారీకు పొద్దున నా దగ్గరికి వచ్చానని, గుడారంలోని ఆడవాళ్లను పంపేయమని అడిగానని. ప్రాణం మీదికొస్తే ఎవడైనా ఏదైనా చెబుతాడు.


ఏప్రిల్ 22

పెద్దల కోర్టు పెట్టమని తలాయ్ అడిగాడు. చట్టం ఇచ్చిన కోర్టే. గొడ్లు పంటలో పడ్డ తగువులు, మొగుడూ పెళ్లాల తగువులు తీరుస్తుంది. తొమ్మిదేళ్లుగా దాని అధ్యక్షుణ్ణి నేనే. పోలీసులకు ఈ గొడవ వదిలించుకోవడమే కావాలి. తాళం తీసి ఇచ్చేశారు.

బురద అంచున కూర్చున్నాం, ఐదుగురు పెద్దలం. వెనక మగవాళ్లు. ఊళ్లో ఇప్పుడున్నది ఎక్కువగా మగవాళ్లే. తోప్చుబెక్‌ను నిలబెట్టారు. నిలబడలేక కూర్చున్నాడు.

తలాయ్ అన్నాడు: "వీడు చెప్పేది వినండి. పదహారో తారీకు పొద్దున పగులు తొమ్మిది సెంటీమీటర్లకు పెరిగిందట. పైన మేకుల దగ్గర మా బాబాయిని కలిశాడట. లారీ సిద్ధంగా ఉంది, ఆడవాళ్లనైనా పంపేద్దామన్నాడట. నిజమైతే వీడి తప్పు లేదు. అబద్ధమైతే వీడు మా ఆడవాళ్లను చంపి, బాబాయి నెత్తిన రుద్దుతున్నాడు. బాబాయ్, నువ్వు చెప్పు. వచ్చాడా?"

తోప్చుబెక్ తలెత్తాడు. ఒక కన్ను మూసుకుపోయింది. "చెప్పండి బాబాయ్," అన్నాడు. బతిమాలినట్టు కాదు. బడిలో పిల్లవాడు తన వంతు అప్పజెప్పి పక్కవాణ్ణి చూసినట్టు.

"రాలేదు," అన్నాను.

తీర్పు చెప్పాల్సిన పని లేకపోయింది. పార వెనక్కి తిప్పి కొట్టారు. మొదట మోకాలు. రెండో దెబ్బకు కాలు పక్కకు తిరిగింది, అలా తిరగకూడని వైపు. వాడి నోట్లో బురద కుక్కారు. "తిను, మా వాళ్లు తిన్నది తిను." తలాయ్ జుట్టు పట్టుకుని ముఖాన్ని బురదలో అదిమి పట్టాడు. కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఒక్క కాలు. రెండోది కదలడం లేదు.

నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. చెయ్యెత్తితే చాలు ఆగేవాళ్లు. అధ్యక్షుణ్ణి.

ఉజ్బెక్ కుర్రాడే, బుల్డోజర్ డ్రైవరే వచ్చి తలాయ్ మీద పడ్డాడు. తిరుగు ప్రయాణానికి బుల్డోజర్‌ను లారీ మీద కట్టుకుంటున్నవాడు. "చచ్చిపోతాడన్నా, వదులన్నా, చచ్చిపోతాడు," అని ఏడుస్తూ వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. తన లారీలోనే జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాడు.


ఏప్రిల్ 23

ఉపాధికారి మళ్లీ వచ్చాడు, ఇంకో కారులో. మా ఇంటికే వచ్చాడు. టోపీ తీసి కూర్చుని, తెల్లగడ్డం పెద్దలను పిలిచే పిలుపుతో పిలిచాడు.

"అక్సకల్, మీ తీర్పు మాకు చాలా ఉపయోగపడింది." అచ్చువేసిన కాగితం ముందు పెట్టాడు. గ్రామాధ్యక్షుని నిర్లక్ష్యం వల్ల. సకాలంలో హెచ్చరించనందువల్ల. లారీని వినియోగించనందువల్ల. "ఇక్కడొక సంతకం చేస్తే కమిషన్ పని సగం అయిపోయినట్టే."

"సైరన్ తీగ మాట ఎక్కడుంది?"

"అవన్నీ చిన్న విషయాలు అక్సకల్."

"నేను రోజూ ఫోన్లో చెప్పిన అంకెలు?"

"ఆ కాగితం ఎక్కడో పడింది. వెతికిస్తున్నాం. అయినా బాధ్యుడు తేలిపోయాడు కదా, మీరే తేల్చారు. ఇంక ఆ అంకెలతో ఎవరికి పని?"

కాగితం వదిలి వెళ్లాడు. పోతూ నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. నలభై ఏళ్ల ఉద్యోగంలో ప్రభుత్వం నాకు అలా చేతులు ఊపింది ఇదే మొదటిసారి.


ఏప్రిల్ 24

పొద్దున్నే గుర్రమెక్కి కొలవడానికి బయలుదేరాను. సగం దారిలో గుర్తొచ్చింది.


ఏప్రిల్ 25

బస్సెక్కి జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. ఎందుకని నన్ను నేను అడగలేదు.

మంచం పక్కన తోప్చుబెక్ తల్లి, దోరోన్‌బెక్ విధవ. ముఖాన ఉమ్ముతుందనుకున్నాను. ఉమ్మితే తుడుచుకుని తిరిగి వచ్చేసేవాణ్ణి. ఆవిడ లేచి స్టూలు జరిపింది. "కూర్చో తమ్ముడూ. ఇంత దూరం వచ్చావు, టీ తాగు." తాగాను.

కాలు తీసేశారు, తొడ దాకా. దవడకు కట్టు. మెల్లగా మాట్లాడుతున్నాడు.

"బాబాయ్, ఆ రోజు నేను వెనక్కి పోయింది మీరు కొట్టినందుకు కాదు."

ఇక దాచి లాభం లేదు. ఈ డైరీ దగ్గర కూడా దాచాను. ఎవరి కోసం దాచానో.

పదహారో తారీకు, పొద్దున ఆరున్నర. నేను మేకుల దగ్గరకు వెళ్లేసరికి తోప్చుబెక్ అక్కడ ఉన్నాడు. టేపు అటు కొస వాడే పట్టాడు. తొమ్మిది. ఇద్దరం చూశాం. నేను మళ్లీ కొలిచాను. తొమ్మిదే.

"బాబాయ్, జిల్లా డీజిలు ఇవ్వనంది. నా ట్రాక్టర్లోది తోడి లారీలో పోశాను. ఆడవాళ్లను కాలనీకి దింపేద్దాం. గుడారం ఇక్కడే ఉండనీండి, పరువు పోదు. శవం దగ్గర మగవాళ్లం ఉందాం. మీరు ఒక్క మాట చెప్పండి, మీ మాటైతే లేస్తారు. నేను చెబితే లేవరు."

తెలివైన మాట. నేను చెప్పాల్సిన మాట. అది వాడి నోట్లోంచి రావడమే నేను ఓర్వలేకపోయాను. కొరడా తీసి ముఖం మీద కొట్టాను. "మీ నాన్న ఈ కొండ కింద కట్టాడు. నువ్వు ఈ కొండ గురించి నాకు చెబుతావా? శోకం పాడే ఆడవాళ్లను శవం దగ్గర నుంచి లేపమంటావా? సాయంత్రం దాకా ఆగుతుంది. పో." రెండోసారీ కొట్టాను. చెంప మీద చారిక లేచింది. నూటముప్పై మంది ఆ చారిక చూసే ఉంటారు. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కిందికి దిగి, బూబుకన్ ఇచ్చిన రొట్టె తిని, ఆవిడ గుడారంలోకి వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఆసుపత్రిలో వాడన్నది రాయాలి.

"కొరడా దెబ్బలు తినకుండా పెరిగానా బాబాయ్. మీరు సాయంత్రం దాకా ఆగుతుందన్నారు. అందుకే వెనక్కి పోయాను. మా నాన్న పోయేముందు చెప్పాడు. కొండ సంగతి ఒమూర్జాక్‌నే అడుగు, వాణ్ణి తప్ప ఎవణ్ణీ నమ్మకు, ఆ రిపోర్టు చింపడమే నా బతుకులో పెద్ద తప్పు అన్నాడు. మీరు ఆగుతుందంటే, ఆగుతుందనుకున్నాను."

తల్లి మళ్లీ టీ పోసింది.

ఇరవై ఏళ్లు వాళ్ల వీధిలోంచి నడవకుండా చుట్టూ తిరిగి వెళ్లాను. దోరోన్‌బెక్ జబ్బుపడ్డప్పుడు రెండుసార్లు కబురు పంపాడు. వెళ్లలేదు.


ఏప్రిల్ 27

దవడ వాచింది. రెండు పళ్లు పోయాయి. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

రాజధాని కమిషన్ బడి ముందు కూర్చుంది. ముగ్గురు. పక్కన ఉపాధికారి, రాసేవాడు. ఎదురుగా ఊరి మగవాళ్లు. నా సంతకం కోసం కాగితం బల్ల మీద పెట్టారు. లేచి చెప్పాను.

తొమ్మిది అని చెప్పాను. తోప్చుబెక్ వచ్చాడని, ట్రాక్టర్ డీజిలు తెచ్చాడని చెప్పాను. కొట్టానని చెప్పాను. కోర్టులో అబద్ధం చెప్పానని చెప్పాను. పదకొండో తారీకు నుంచి రోజూ ఏ అంకె ఏ గంటకు జిల్లాకు ఫోన్ చేశానో నా కొలతల పుస్తకం చూసి చదివాను. పదహారో తారీకు అంకె ఒక్కటే ఫోన్ చేయలేదని కూడా చదివాను.

ఉపాధికారి ముందు తేరుకున్నాడు. "పెద్దాయన భార్యను పోగొట్టుకున్నారు. మనసు స్థిమితంగా లేదు. ఇవి రాయనక్కర్లేదు." రాసేవాడు కలం కింద పెట్టాడు.

తలాయ్ వరసలోంచి వచ్చాడు. చేతిలో పార ఉంది. ఈ పదిరోజులుగా అది లేకుండా వాడు ఎక్కడికీ పోవడం లేదు.

"ఎన్నింటికి వచ్చాడు బాబాయ్?"

"ఆరున్నరకి."

"శవాన్ని ఎప్పుడెత్తాం?"

"పదకొండింటికి."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "నాలుగున్నర గంటలు. ఆ మధ్యలో బర్మెట్ మనిద్దరికీ టీ పోసింది. నువ్వు చక్కెర లేదని కసురుకున్నావు. గుర్తుందా?"

గుర్తుంది.

పార కర్రతో కొట్టాడు. కింద పడ్డాను. ఎవరూ అడ్డం రాలేదు. పడ్డవాణ్ణి తన్నాడు, డొక్కలో, మళ్లీ డొక్కలో. "వాడి కాలు పోయింది. నా చేత్తో బురద తినిపించాను వాడికి. నా చేత్తో." మూడోసారి కాలెత్తి ఆగిపోయాడు. రొప్పుతున్నాడు. ఉపాధికారి మెల్లగా లేచి కారువైపు నడవబోయాడు.

తలాయ్ పారను వాడి దారికి అడ్డంగా పెట్టాడు. మగవాళ్లు చుట్టూ చేరారు. కొట్టలేదు, తిట్టలేదు. నిలబడ్డారు.

"కూర్చోండి సార్. ఇందాక వద్దన్నారే, అది రాయించండి."

"ఏం రాయాలి?"

"తీగ లేని సైరన్. ఇవ్వని డీజిలు. నీళ్లు రాని కుళాయి. ఎక్కడో పడిపోయిన అంకెల కాగితం. ఒక్కొక్కదాని ఎదురుగా ఒక్కొక్క పేరు. మా మగవాళ్ల సంతకాలు కూడా రాయండి, మేం ఆడవాళ్లను అడక్కుండా పెట్టాం కదా. నేను కూడా ఉన్నాను."

కమిషన్‌లో పెద్దాయన రాసేవాడికి తల ఊపాడు. వాడు కొత్త కాగితం తీశాడు. నన్ను ఎవరో లేపి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ముఖం తుడవలేదు.

"ఎవరి పేరుతో మొదలుపెట్టమంటారు?" అని రాసేవాడు అడిగాడు.

ఉపాధికారి ఆశగా తలెత్తాడు.

"ఒమూర్జాక్," అన్నాడు తలాయ్. "కొండ కొలిచేవాడు. రాసుకో, మా బాబాయ్."